సాక గీతకు అవతలి పక్క

మొన్న మా అపార్ట్‌మెంటు గేటు ముందు బ్లీచింగ్ పౌడరు చల్లారు. వీధిలో జ్వరాలు తిరుగుతున్నాయట, మున్సిపాలిటీ మనిషి ఒకడు సంచీ చంకన పెట్టుకుని వచ్చి గోడ పొడుగునా తెల్లటి గీత పోసుకుంటూ పోయాడు. మంచిదే, వద్దనను. వాచ్‌మన్ ఉండే రేకుల గది గేటుకు ఆనుకునే ఉంటుంది. గీత మాత్రం ఆ గదికి ఇవతలే మలుపు తిరిగింది. ఆ మలుపు ఎవరైనా చెప్పి తిప్పించారో, సంచీలో పౌడరే అయిపోవచ్చిందో నాకు తెలియదు. పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం కిందికి దిగినదాన్ని అక్కడికి వచ్చి ఆగిపోయాను. వాచ్‌మన్ పెళ్లాం గడపలో కూర్చుని కూతురికి తల దువ్వుతోంది. "ఏందమ్మా, గట్ల నిలవడ్డవ్? దాటు, ఏం గాదు" అంది. మోకాళ్ల నొప్పి అని చెప్పి వెనక్కి వచ్చేశాను. మా కోడలికీ అదే చెప్పాను. ముసలివాళ్లకు మోకాళ్లంత అక్కరకొచ్చే అబద్ధం ఇంకొకటి లేదు.

నేను పుట్టింది లాల్‌దర్వాజాలో, పాలమ్ముకునేవాళ్ల గల్లీలో. గల్లీ ఒక కొస పెద్ద తోవలోకి తెరుచుకునేది, రెండో కొస ఎవరో నవాబు బంగళా, దేవిడీ అనేవాళ్లం, దాని ప్రహరీకి తగిలి ఆగిపోయేది. పెద్ద తోవ వైపు నుంచి వస్తే మొదట మా బర్రెల కొట్టం, దాని పక్కన ఇరుకు సందు, సందు దాటితే మా ఇల్లు, ఆ తర్వాత తక్కిన ఇళ్లు, నడుమ అందరికీ కలిపి ఒక చేదబావి. బావి గట్టు మీద పసుపు పూసిన పోచమ్మ రాయి. ఈ వరస కాస్త గుర్తు పెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా దాని మీదే నడుస్తుంది. తెల్లవారకముందే గల్లీ నిండా పాలచెంబుల చప్పుడు, పేడ వాసన, నానిన తవుడు వాసన. పెద్ద తోవ మీద సర్కారు నల్లా ఒకటి ఉండేది గానీ మావాళ్లు దాని మొహం చూసేవారు కాదు. ఎక్కడి చెరువు నీళ్లో ఇనుప గొట్టంలో వస్తాయి, దారిలో ఎవరెవరు తాకారో ఎవరికి తెలుసు అనేవారు. బావి నీళ్లు మాత్రం అమ్మవారి నీళ్లు.

మా ఇంటికి పెద్ద బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి. పొట్టి మనిషి, కాళ్లకు వెండి కడియాలు, దవడన ఎప్పుడూ పొగాకు ముక్క. మనుషులతో తెలుగూ బర్రెలతో ఉర్దూ మాట్లాడేది. ఆ బర్రెలను ఏ నవాబు దేవిడీ నుంచో కొనుక్కొచ్చారట, వాటికి తెలుగు రాదని ఆమె గట్టి నమ్మకం. "ఠైరో మా, జర సబర్ కరో" అని బతిమాలి పాలు పిండేది. నేను అల్లరి చేస్తే మాత్రం "నీ తోలు తీస్త" అనేది. మర్యాద అంతా బర్రెలకే పోతుందని అమ్మ గొణిగేది. అయినా గల్లీలో కాన్పు వచ్చినా కయ్యం వచ్చినా అందరూ వచ్చి నిలబడేది ఆమె దగ్గరే. ఆమె మాటకు ఎదురు లేదని నేను అనుకునేదాన్ని. చిన్నదాన్ని కదా, మాట వినడం వేరు, విన్నట్టు తల ఊపడం వేరు అని అప్పటికి తెలియదు.

ఆషాఢంలో బోనాలకు ముందు మా గల్లీకి ఒక ఆచారం ఉండేది. దాన్ని కట్టు అనేవారు. బావి నీళ్లలో పసుపు, వేపాకు కలిపితే అది సాక. అడుగున సన్నటి చిల్లున్న కుండలో ఆ సాక పోసుకుని, గల్లీలో అందరికంటే పెద్దామె ధార తెగకుండా ఇళ్లన్నిటి చుట్టూ తిరిగి రావాలి. ఒకామె బిందెతో పక్కనే నడుస్తూ కుండ నింపుతూ ఉండాలి. ఏ రోగమైనా ఆ తడిగీత దాటి లోపలికి రాదని నమ్మకం. కుండ మోస్తున్నంతసేపూ ఆమె అమ్మవారే కాబట్టి ఎవరూ ఆమెను పలకరించకూడదు, ఆమె వైపు కన్నెత్తి చూడకూడదు. వెంట నడిచేవాళ్లు తలలు వంచి ధారను మాత్రమే చూడాలి. గీత మొదలైన చోటికి వచ్చి కలిశాక, బోనాలు ముగిసి అమ్మవారి ఘటం సాగనంపే దాకా ఎవరూ దాటకూడదు. దాటి తీరాలంటే కట్టినామే విప్పాలి. మామూలు ఏళ్లలో ఇదంతా పేరుకే. గీత మీద చిటికెడు పసుపు వేసి అందరూ మర్నాడే దాటేవాళ్లు. లేకపోతే ఊరికి పాలు ఎవరు పోస్తారు?

ఇక మా మేనత్త. బాపుకు ఒక్కతే చెల్లెలు. చిన్నప్పుడే పెళ్లయింది, మొగుడి మొహం సరిగా గుర్తు పట్టే లోపే అతను పోయాడు, పుట్టింటికి వచ్చేసింది. ధూల్‌పేటకు పాలు పోయడానికి పోయేది. అక్కడ మట్టి వినాయకులను చేసే ఇంట్లో ఒకతనికి రోజూ పాలు పోసి పోసి, ఒకరోజు ఖాళీ చెంబును ఇంటికి పంపి తాను అక్కడే ఉండిపోయింది. చెంబు తెచ్చి ఇచ్చినవాడిని బాపు కొట్టబోయాడట, వాడు చేసిన పాపమేమిటో మరి. మా కులంవాళ్లు అత్త పేరెత్తడం మానేశారు. అతనివాళ్లూ తక్కువేం తినలేదు, పరాయి భాష, పరాయి కులం పిల్లను గడప ఎక్కనిచ్చేది లేదన్నారు. ఇద్దరూ కొన్నాళ్లు ఆ గదీ ఈ గదీ తిరిగి, చివరికి ఒక మూటతో వచ్చి మా కొట్టం ముందు నిలబడ్డారు. బాపమ్మ బర్రెలను పెరట్లోకి తోలి, కొట్టం అలికి, "ఇగ ఉండుండ్రి" అంది. బాపు ఔననలేదు, కాదనలేదు, అటు చూడటం మానేశాడు. మామ కనబడ్డప్పుడల్లా "ఖైరియతేనా బావా" అని నవ్వేవాడు. బాపు వినబడనట్టు పోయేవాడు. చవితికి మా గల్లీవాళ్లు మామ చేసిన వినాయకుణ్ణే తెచ్చి పూజించేవారు, అత్తను మాత్రం బావి గట్టు ఎక్కనిచ్చేవారు కాదు. ఆమె పెద్ద తోవ మీది నల్లా నీళ్లే తెచ్చుకునేది.

యుద్ధం మొదలై బజారులో కిరసనాయిలు కరువైన రోజులవి. ఆ ఏడు వానలు ముందే దిగాయి. మోరీలు పొంగి గల్లీలోకి వచ్చి, బావి గట్టు దాకా నల్లటి నీళ్లు నిలిచాయి. కార్వాన్ బస్తీలో గత్తర, అదే కలరా, లేచిందని పాలు పోసి వచ్చినవాళ్లు చెప్పారు. వాంతులు, బేదులు, పొద్దున నవ్విన మనిషి పొద్దుగూకే సరికి లేడు. ఈసారి కట్టు పేరుకు కాదు, కట్టాక ఎవరూ దాటేది లేదు, రాకపోకలు బందు అన్నారు పెద్దలు. ఆ మాట తేల్చడానికి మా అరుగు మీదే కూర్చున్నారు. మొదట్లో హాస్యాలాడుకుని నవ్వుకున్నారు గానీ నవ్వులు తొందరగానే అయిపోయాయి. గల్లీ పెద్దమనిషి బాపు వైపు తిరిగి, "నీ కొట్టం లోపల్నా, బయటనా? నువ్వే చెప్పాలె" అన్నాడు. సందు అవతల అత్త వింటోందని అందరికీ తెలుసు. లోపలంటే ఏదైనా అయితే పరుగెత్తుకొచ్చే నలుగురు మనుషులు. బయటంటే ఆ గత్తరకు వాళ్లిద్దరినీ వదిలేయడం. బాపు మీసం తడుముకుంటూ నేల చూశాడు. "కొట్టమే గద. కొట్టానికి కట్టెందుకు?" అన్నాడు.

తలుపు చాటు నుంచి బాపమ్మ గొంతు వినబడింది. "బర్రెలున్నన్ని దినాలు లోపల్నే ఉండె గద కొడుకా."

ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన వానల సంగతి ఎత్తాడు.

మర్నాడు పొద్దున కట్టు. మబ్బు కమ్మి ఉంది, గాలి లేదు. సందులో మా గోడ మూల దగ్గర మొదలుపెట్టి, ఇళ్ల వెనక నుంచి, దేవిడీ ప్రహరీ పక్క నుంచి తిరిగి, మళ్లీ ఆ మూలకే రావాలి. ఏటా గీత కొట్టాన్ని చుట్టి వచ్చేది, ఆ ఏడు కొట్టానికి ఇవతలే మలుపు. బిందె అమ్మ పట్టుకుంది. నాకూ ఒక వేపమండ ఇచ్చారు. గల్లీ అంతా గీతకు లోపలి పక్కన నడిచింది, తలలు వంచుకుని. పెద్దవాళ్లు ధారను చూశారు. నాకు ధార చూసి చూసి విసుగొచ్చి బాపమ్మ కడియాలు చూస్తూ నడిచాను. కడియాలు గీతకు అవతలి పక్కన నడుస్తున్నాయి. ఏటా ఇంతే కాబోలు అనుకున్నాను. అమ్మ గీత మీదుగా చేతులు చాచి కుండలో నీళ్లు పోస్తోంది, పోసినప్పుడల్లా బిందె మూతి కుండకు తగిలి టకటకమంటోంది. అమ్మకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. ఇంత గల్లీ ఒక తడిగీతను కళ్లతో కాపలా కాసింది గానీ దాన్ని గీసే మనిషి ఏ పక్కనుందో చూసుకోలేదు.

సందులో గీత వచ్చి కలిసింది. బాపు చెప్పినట్టే కొట్టం బయట పడింది. పెద్దమనిషి "అయింది" అన్నాక తలలన్నీ లేచాయి. బాపమ్మ ఖాళీ కుండతో కొట్టం గడప దగ్గర నిలబడి ఉంది, వెనక అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గిదేందవ్వా" అన్నాడు బాపు. అంత చిన్న గొంతు బాపుకు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"నువ్వు చెప్పినకాన్నే మలిపిన కొడుకా. కట్టు మంచిగనే పడ్డది. ఇగ తెంపకుండ్రి" అని కుండ బోర్లించి, వంగి కొట్టంలోకి పోయింది.

ఆ గీత మధ్యాహ్నానికే ఎండిపోయింది. చూద్దామన్నా కనబడేది కాదు. అయినా సందులోకి వచ్చిన ప్రతి మనిషి కాళ్లూ సరిగ్గా అక్కడికి వచ్చి ఆగేవి, మా గల్లీ కుక్క ఒక్కటే ఇటూ అటూ హాయిగా తిరిగేది. బర్రెలు బాపమ్మ లేక పాలు చేపడం మానేశాయి. అమ్మ ఎంత బతిమాలినా తన్నేవి. చివరికి వాటిని సందు మొగదలకు తెచ్చి కడితే, అవతల నుంచి బాపమ్మ "ఠైరో మా" అని ఉర్దూ అందుకునేది, ఇవతల అమ్మ పిండేది. దానికి నవ్వుకున్నాం కూడా. పాలు బయటికి పోయే దారి లేక గల్లీ అంతా మజ్జిగ తాగి తాగి మొహం మొత్తింది. పెద్ద తోవ మీద మాత్రం పొద్దస్తమానం శవాలు పోతుండేవి. డప్పులు లేవు, ఏడ్చేవాళ్లు లేరు, మోసేవాళ్లు దాదాపు పరుగు. అమ్మ నా తల పట్టుకుని ఇటు తిప్పేసేది. మనం లోపల ఉన్నాం, మనకేం కాదు అని గల్లీలో ఒకరికొకరు చెప్పుకునేవారు. రోజులు గడిచే కొద్దీ ఆ మాట ఇంకా ఎక్కువగా, ఇంకా గట్టిగా చెప్పుకోవడం మొదలైంది.

గత్తర వచ్చింది. పెద్ద తోవ వైపు నుంచి కాదు, గల్లీ నడుమ నుంచే లేచింది. దేవిడీ గోడ పక్క ఇంట్లో ఒక ముసలాయన పోతే, వయసు మీద పడింది లెమ్మన్నారు. ఆ తర్వాత పడ్డది మా బాపు. ఒక్క పూటలో కళ్లు గుంటలు పడి, చేతులు చల్లబడి, పిక్కలు పట్టేసి మెలికలు తిరిగాడు. అమ్మ సందులోకి పరుగెత్తి బాపమ్మ కోసం "అత్తా" అని అరిచింది. బాపమ్మ గీత దాకా వచ్చింది. ఈలోగా పెద్దమనుషులూ వచ్చారు. "నువ్వు కాలు వెడితే కట్టు తెగుతది, గల్లీ గల్లీ పోతది" అన్నారు. కొడుకు మూలుగు ఆమెకు వినబడుతూనే ఉంది. కాలివేళ్లు అక్కడే, ఎండిన గీత అంచున పెట్టుకుని నిలబడిపోయింది. పొగాకు ముక్క నమలడం కూడా ఆపేసింది.

పెద్దమనుషులు ఇంకో ఉపాయం ఆలోచించారు. పెద్దమనిషి భార్య కొత్త కుండ ఎత్తుకుంది. ఈసారి గీత మా ఇంటికీ పక్కింటికీ నడుమ మలుపు తిరిగింది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను. నిన్న మా ఇంట్లో మజ్జిగ తాగిపోయినవాళ్లు, నాతో గచ్చకాయలాడే పిల్లలు, అందరూ తలలు వంచుకుని పసుపునీళ్ల ధార చూస్తూ మా గోడ పక్క నుంచి నడిచిపోయారు. "ఏమనుకోకుండ్రి, నలుగురి మంచి కోసం" అని పెద్దమనిషి గోడ అవతల నుంచి అన్నాడు. బాపు మంచం మీద నుంచి ఆ మాట విన్నాడు. ఆయన మొహం చూసి నాకు గత్తర కంటే ఎక్కువ భయం వేసింది. గీత కలిసిన మరుక్షణం బాపమ్మ సందు దాటి ఇంట్లోకి వచ్చింది. ఆమె వెనక అత్త, అత్త వెనక కావడి నిండా నల్లా నీళ్లతో మామ. అవతలి పక్కకు మేమే వచ్చి చేరాం కదా, ఇక వాళ్లను ఆపేదెవరు.

బాపును బతికించింది వాళ్లు. ఇక బావి నీళ్లు మమ్మల్ని ముట్టనిచ్చేది లేదని పెద్దమనుషులు అరిచి చెప్పారు కాబట్టి అందరం నల్లా నీళ్లే తాగాం. అత్త గంజిలో ఉప్పు వేసి చెంచాడు చెంచాడు పోసేది, కక్కితే మళ్లీ పోసేది. మామ బాపును పసిపిల్లవాణ్ణి ఎత్తినట్టు ఎత్తి, కడిగి, బట్ట మార్చి పడుకోబెట్టేవాడు. "ఫికర్ జెయ్యకు బావా, నేనున్న" అనేవాడు. ఒక మధ్యాహ్నం బాపు కళ్లు తెరిచి, అటూ ఇటూ చూసి, "బావా, జర నీళ్లియ్యి" అన్నాడు. మామ చెంబు అందుకోబోయి ఆగి, మొహం పక్కకు తిప్పుకుని మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అత్త అయితే వాకిట్లోకి పోయి గట్టిగానే ఏడ్చింది. గోడ అవతల కూడా ఏడుపులు వినబడ్డాయి ఆ రోజుల్లో, ఏ ఇంటివో గొంతును బట్టి గుర్తుపట్టేవాళ్లం. మా గచ్చకాయల జట్టులో ఇద్దరు మళ్లీ ఆటకు రాలేదు.

వానలు వెనకబట్టాక సర్కారు మనుషులు వచ్చి బావిలో ఎర్రమందు కలిపి, ఇక ఈ నీళ్లు తాగొద్దని చెప్పి పోయారు. అంత స్పష్టంగా చెప్పినా గల్లీకి చెవికెక్కలేదు. వాళ్లకు కారణం ముందే దొరికింది. కుండ మోసినామె బయటి పక్కన నడిచింది, అందుకే గత్తర లోపల పుట్టింది అన్నారు. ఆ ఏడాదంతా మమ్మల్ని ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పిలవడం మానేశారు, అంతే. పెళ్లికి పిలుపు లేదు, చావుకు కబురు లేదు, అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు లేడు. బాపు రోజూ సాయంత్రం అరుగు తుడిపించి, చాప వేయించి, ఒక్కడే కూర్చునేవాడు. అత్త మజ్జిగ తెచ్చి ఇచ్చేది. బాపు కోలుకున్నాక బాపమ్మ మళ్లీ కొట్టానికే పోయింది, మా ఇంటికి తిరిగి రాలేదు. మంచి నిద్ర కొట్టంలోనే పడుతోందని అనేది.

మళ్లీ ఆషాఢం వచ్చింది. ఒక సాయంత్రం పెద్దమనుషులు తమంత తాము మా అరుగెక్కారు. బాపుకు కాళ్లూ చేతులూ ఆడలేదు, చాప దులిపిందే దులిపాడు. ఈ ఏడు మీ ఇల్లు కట్టు లోపలే అన్నారు, పోయినేటి దోషం పోవాలంటే కుండ మీ ఇంటామె ఎత్తుకుంటే మంచిది, జరిగింది జరిగిపోయింది అన్నారు. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు పెద్దమనిషి, పోయినేడాదిలాగే, అదే గొంతుతో, "మరి కొట్టం?" అన్నాడు.

అత్త అప్పుడే మజ్జిగ చెంబుతో సందు దాటి వచ్చి అరుగు వార నిలబడింది. బాపు ఆమెను చూశాడు. నేను చూస్తుండగానే చూశాడు. తర్వాత మీసం తడుముకున్నాడు.

"పోయినేడు లెక్కనే. మా గోడ దాక" అన్నాడు.

అత్త చెంబు అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. బాపు ఆ మజ్జిగను గ్లాసుల్లో పోయించి పెద్దమనుషులకు ఇచ్చాడు, వాళ్లు తాగారు. ఆ తర్వాత ఎన్నడూ మామను బావా అని పిలవగా నేను వినలేదు. బాపు దుర్మార్గుడు కాడు, నన్ను ప్రాణంగా పెంచాడు, ఈ మాట చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఒక ఏడాది ఒంటరిగా చాప మీద కూర్చున్నాడు, రెండో ఏడాది కూర్చునే శక్తి ఆయనకు లేకపోయింది.

మర్నాడు పొద్దున అమ్మ కుండ ఎత్తుకుంది. బాపు కూడా నడిచాడు. నేను అలవాటుగా తల వంచి, ఏమో అనిపించి పక్కకు చూశాను. ఆ ఏడు ఎవరూ ధారను చూడటం లేదు. గల్లీ గల్లీ అంతా మా అమ్మ కాళ్లనే చూస్తూ నడుస్తోంది. అమ్మ లోపలి పక్కనే నడిచింది, ఇంకెలా నడుస్తుంది. సందు దగ్గర మలుపు తిరిగేటప్పుడు ఆమె కాళ్లు తడబడి ధార సన్నబడింది. కొట్టం గడపలో బాపమ్మ కూర్చుని ఉంది, కడియాల కాళ్లు చాపుకుని, దవడన పొగాకుతో. మాట్లాడకూడదన్న ఆచారం ఆమెకు తెలియనిది కాదు.

"కుండ వంచు బిడ్డా, ధార తెగుతది" అంది.

అమ్మ కుండ వంచింది. ధార తెగలేదు.

ఇప్పుడు ఆ బావి లేదు, కొట్టం లేదు, అందులో ఉన్నవాళ్లూ ఇవతల ఉన్నవాళ్లూ ఎవరూ లేరు. ఆ సందు మీదుగా మేడలు లేచాయి. గీత ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పగల కాళ్లు ఈ లోకంలో నావి రెండే మిగిలాయి, అవి కూడా ఇన్నేళ్లయినా అలాంటి మలుపు దగ్గరికి రాగానే ఆగిపోతున్నాయి.